రేటా, టైడల్ వాల్యూమా? ఎఫ్‌ఐఓ2నా, పీపా? వెంటిలేటర్ ప్రశ్నల్లో ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

రెస్పిరేటరీ థెరపీ పరీక్షలో వెంటిలేటర్ ప్రశ్నలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. పేషెంట్ వివరాలు రెండు లైన్లు, ఇప్పుడున్న సెట్టింగులు, ఒక ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష), చివర "ఇప్పుడు ఏం మారుస్తారు?" అని ప్రశ్న. నాలుగు జవాబుల్లో రెండు చూడగానే కొట్టేయొచ్చు. మిగిలిన రెండూ సరైనవిలాగే కనిపిస్తాయి. మార్కులు పోయేది అక్కడే. ఎందుకంటే ఆ రెండూ నిజంగానే పనిచేస్తాయి. కాకపోతే ఈ పేషెంట్‌కి, ఈ నిమిషంలో, వాటిలో ఒకటి ముందు, ఇంకొకటి తర్వాత. ఏది ముందో తేల్చుకోవడం గురించే ఇక్కడ చెప్పబోతున్నాను.

ఏబీజీని రెండు ముక్కలుగా చదవండి

పీహెచ్ (రక్తం ఎంత ఆమ్లంగా ఉందో), పీఏసీఓ2 (రక్తంలో కార్బన్ డయాక్సైడ్) ఒక ముక్క. పీఏఓ2 (రక్తంలో ఆక్సిజన్), సాచురేషన్ రెండో ముక్క. మొదటిది వెంటిలేషన్ లెక్క, దానికి చేతిలో ఉన్నవి రేటు (నిమిషానికి ఎన్ని శ్వాసలు), టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో పోయే గాలి). రెండోది ఆక్సిజనేషన్ లెక్క, దానికి ఎఫ్‌ఐఓ2 (పీల్చే గాలిలో ఆక్సిజన్ వాటా), పీప్ (శ్వాస వదిలాక కూడా ఊపిరితిత్తిలో నిలిపి ఉంచే ప్రెషర్). కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని ఎఫ్‌ఐఓ2 పెంచే జవాబు ఎంత అందంగా రాసి ఉన్నా కొట్టేయండి. ఆక్సిజన్ తక్కువైందని రేటు పెంచే జవాబూ అంతే.

మూడో రకం ఒకటుంది, అక్కడ చాలామంది జారిపోతారు. పీహెచ్ 7.25, పీఏసీఓ2 40, బైకార్బొనేట్ 17. పీహెచ్ చూడగానే చెయ్యి రేటు మీదకి వెళ్తుంది. కానీ పీఏసీఓ2 మామూలుగానే ఉంది, ఇది మెటబాలిక్ అసిడోసిస్, అంటే ఆమ్లం పెరిగింది ఊపిరి వల్ల కాదు. అసలు మందు దాని కారణానికి పడాలి. అయితే డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో నిమిషానికి 34 సార్లు లోతుగా ఊపిరి తీస్తున్న పేషెంట్‌ని ఇంట్యుబేట్ చేసి (శ్వాసనాళంలో ట్యూబ్ వేసి), పారలైజ్ చేసి (మందుతో కండరాలు కదలకుండా చేసి), మామూలు అలవాటు ప్రకారం రేటు 12 పెడితే మాత్రం తప్పు మనదే. ఆ వేగంతోనే అతను పీహెచ్‌ని నిలబెట్టుకుంటున్నాడు. అలాంటి ప్రశ్నలో ఎక్కువ మినిట్ వెంటిలేషన్ (నిమిషానికి మొత్తం గాలి) ఇచ్చే జవాబే సరైనది.

రేటు పెంచాలా, టైడల్ వాల్యూమ్ పెంచాలా?

ఒక ప్రశ్నని దగ్గరగా చూద్దాం. 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువున్న మహిళ. వాల్యూమ్ కంట్రోల్, టైడల్ వాల్యూమ్ 420 మి.లీ., రేటు 12, ప్లాటో ప్రెషర్ (శ్వాసని లోపలే ఒక్క క్షణం ఆపి కొలిచే ప్రెషర్) 27. పేషెంట్ సొంతంగా ట్రిగ్గర్ చేయడం (శ్వాస మొదలుపెట్టడం) లేదు. పీహెచ్ 7.28, పీఏసీఓ2 56. జవాబుల్లో ఒకటి టైడల్ వాల్యూమ్ 540కి పెంచడం, ఇంకొకటి రేటు 16కి పెంచడం.

540 ఎక్కడినుంచి వచ్చింది? 90 కిలోలకి కిలోకి 6 మి.లీ. చొప్పున. చూడ్డానికి పుస్తకంలో ఉన్న సురక్షితమైన అంకెలాగే ఉంది. కానీ ఊపిరితిత్తుల పరిమాణం ఎత్తుని బట్టి ఉంటుంది, ఒంటి బరువుని బట్టి కాదు. అందుకే లెక్క ప్రిడిక్టెడ్ బాడీ వెయిట్ మీద వేయాలి. ఆడవాళ్లకి 45.5తో, మగవాళ్లకి 50తో మొదలుపెట్టి, ఎత్తులోంచి 152.4 తీసేసి, మిగిలినదాన్ని 0.91తో గుణించి కలపాలి. ఈమెకి అది సుమారు 52.4 కిలోలు. అంటే ఇప్పుడున్న 420 మి.లీ. ఇప్పటికే కిలోకి 8 మి.లీ. 540 పెడితే కిలోకి 10 దాటిపోతుంది, 27 ఉన్న ప్లాటో 30 దాటడం దాదాపు ఖాయం. ఇక మిగిలింది రేటు. కొత్త రేటు కావాలంటే ఇప్పటి రేటుని ఇప్పటి పీఏసీఓ2తో గుణించి, కావలసిన పీఏసీఓ2తో భాగించాలి. 42 కావాలనుకుంటే 12ని 56తో గుణించి 42తో భాగిస్తే సరిగ్గా 16. ప్రశ్న రాసినవాళ్లు ఈ లెక్క మీరు వేస్తారని అనుకునే ఆ అంకె పెట్టారు.

ఇప్పుడు అదే మహిళకి టైడల్ వాల్యూమ్ 260, రేటు 26, ప్లాటో 18 ఉన్నాయనుకోండి. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి గట్టిపడే తీవ్రమైన జబ్బు) లేదు. పీఏసీఓ2 మళ్లీ ఎక్కువే. ఈసారి రేటు పెంచే జవాబు తప్పు. ప్రతి శ్వాసలోనూ డెడ్ స్పేస్‌కి (వాయువుల మార్పిడి జరగని దారులకి) పోయే వాటా ఉంటుంది. కిలోకి 2.2 మి.లీ. చొప్పున ఈమెకి సుమారు 115. అంటే 260లో ఆల్వియోలైకి (ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులకి) చేరేది 145 మి.లీ. మాత్రమే. 26 సార్లకి కలిపి నిమిషానికి 3.8 లీటర్లు. అదే టైడల్ వాల్యూమ్ 400, రేటు 16 పెడితే మొత్తం మినిట్ వెంటిలేషన్ 6.8 నుంచి 6.4 లీటర్లకి తగ్గుతుంది, కానీ ఆల్వియోలార్ వెంటిలేషన్ 4.6 లీటర్లకి పెరుగుతుంది. తక్కువ గాలితో ఎక్కువ పని. నన్నడిగితే వెంటిలేషన్ అధ్యాయం మొత్తంలో చేత్తో ఒకసారి వేసి చూడాల్సిన లెక్క ఇదే. ఒకసారి వేస్తే ఇక మర్చిపోరు.

కాబట్టి వరుస ఇది: టైడల్ వాల్యూమ్ కిలోకి 6 నుంచి 8 మధ్యలో ఉందా, ప్లాటో 30 లోపు ఉందా చూడండి. పరిధికి కింద ఉంటే ముందు టైడల్ వాల్యూమ్. పరిధిలోనే ఉంటే రేటు.

రేటు సూత్రానికి ఒక షరతు ఉంది. పేషెంట్ ట్రిగ్గర్ చేస్తుంటే సెట్ చేసిన రేటు కాదు, మొత్తం రేటు చూడాలి. అసిస్ట్ కంట్రోల్‌లో (పేషెంట్ మొదలుపెట్టిన ప్రతి శ్వాసకీ మెషీన్ పూర్తి శ్వాస ఇచ్చే మోడ్‌లో) సెట్ రేటు 12, పేషెంట్ తీస్తున్నది 22 అయితే 16కి పెంచినా ఏమీ మారదు. ఇదే తిరగేసి కూడా అడుగుతారు: పీహెచ్ 7.52, పీఏసీఓ2 28, సెట్ రేటు 14, మొత్తం రేటు 26. ఇక్కడ సెట్ రేటు 10కి తగ్గించమనే జవాబు వల. అతను ఎందుకంత వేగంగా ఊపిరి తీస్తున్నాడో చూడాలి: నొప్పా, భయమా, హైపాక్సియానా, లేక సర్క్యూట్‌లో చేరిన నీటివల్ల మెషీన్ తనంతట తానే ట్రిగ్గర్ అవుతోందా?

ఎఫ్‌ఐఓ2 ముందా, పీప్ ముందా?

పైకి వెళ్లేటప్పుడు ఒక దారి, కిందికి దిగేటప్పుడు ఇంకో దారి అని గుర్తుపెట్టుకున్నవాళ్లు కూడా పరీక్షలో తడబడతారు. దానికి కారణం తెలిస్తే తడబాటు ఉండదు. ఆక్సిజన్ 0.6 దాటి ఎక్కువసేపు ఇస్తే ఊపిరితిత్తికే హాని. షంట్ (గాలి చేరని భాగంలోంచి రక్తం అలాగే వెళ్లిపోవడం) ఉన్నచోట ఎంత ఆక్సిజన్ పోసినా మూసుకుపోయిన ఆల్వియోలైకి చేరదు. వాటిని తెరిచి ఉంచేది పీప్.

పీఏఓ2 52, ఎఫ్‌ఐఓ2 0.4, పీప్ 5 అంటే ఎఫ్‌ఐఓ2కి ఇంకా చోటుంది. ముందు దాన్నే పెంచండి. అదే 52, ఎఫ్‌ఐఓ2 0.7 మీద అయితే కథ వేరు. 0.6 లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చినా పీఏఓ2 60 లోపే ఉంటే దాన్ని రిఫ్రాక్టరీ హైపాక్సీమియాగా లెక్కేసి పీప్ వైపు వెళ్లాలి. కిందికి దిగేటప్పుడు హాని ఎక్కువ చేసేదాన్ని ముందు తగ్గించాలి. పీఏఓ2 140, ఎఫ్‌ఐఓ2 0.8, పీప్ 12 ఉంటే ముందు ఎఫ్‌ఐఓ2. అది 0.4కి వచ్చి, ఆక్సిజన్ ఇంకా బాగానే ఉంటే అప్పుడు పీప్‌ని కొంచెం కొంచెంగా. పీప్ ఒక్కసారిగా 12 నుంచి 5కి దించే జవాబు ఎప్పుడూ వద్దు. తెరుచుకున్న ఆల్వియోలై మళ్లీ మూసుకుపోతాయి.

పీప్ పెంచే ప్రశ్నల్లో పీఏఓ2 ఒక్కటే చూసి సంబరపడకండి. పీప్ 10 నుంచి 15కి పెంచితే పీఏఓ2 65 నుంచి 72కి పెరిగింది, సిస్టాలిక్ బీపీ 118 నుంచి 84కి పడిపోయింది. ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కింది సరే, కణాలకి మోసుకెళ్లే రక్తప్రవాహమే తగ్గింది. జవాబు పీప్‌ని పాత విలువకి తీసుకురావడమే.

ఏ పీప్ మంచిదో ఎంచుకోమనే ప్రశ్న వస్తే కంప్లయన్స్ (ఊపిరితిత్తి ఎంత సులువుగా సాగుతుందో) లెక్కేయండి. టైడల్ వాల్యూమ్‌ని, ప్లాటోలోంచి పీప్ తీసేస్తే వచ్చే అంకెతో భాగించాలి. టైడల్ వాల్యూమ్ 420 ఉంచి పీప్ 8లో ప్లాటో 23 వస్తే కంప్లయన్స్ 28. పీప్ 10లోనూ ప్లాటో 23 దగ్గరే ఉంటే 32. పీప్ 12లో ప్లాటో 24 అయితే 35. పీప్ 14లో ప్లాటో 29కి ఎగబాకితే మళ్లీ 28. అంటే 12 వరకు కొత్త ఆల్వియోలై తెరుచుకుంటున్నాయి, 14 దగ్గర తెరిచి ఉన్నవే సాగిపోతున్నాయి. జవాబు 12. భాగహారం కూడా అక్కర్లేదు: టైడల్ వాల్యూమ్ మారనప్పుడు ప్లాటోకి, పీప్‌కి తేడా ఎక్కడ తక్కువగా ఉందో అదే. ఆ తేడానే డ్రైవింగ్ ప్రెషర్ అంటారు, 15 లోపు ఉంచడం మంచిది.

న్యుమోనియా ఒక్క ఊపిరితిత్తికే ఉంటే మాత్రం పీప్ మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. పీప్ బాగున్న ఊపిరితిత్తిని సాగదీసి రక్తాన్ని చెడ్డదానివైపు నెట్టేస్తుంది, సాచురేషన్ ఇంకా పడిపోవచ్చు. అలాంటి ప్రశ్నలో బాగున్న వైపు కిందికి వచ్చేలా పేషెంట్‌ని పడుకోబెట్టే జవాబు ఉందేమో చూడండి.

ఏఆర్‌డీఎస్, సీఓపీడీ: ఒకరి సెట్టింగులు ఇంకొకరికి పనికిరావు

ఏఆర్‌డీఎస్‌లో సమస్య గట్టిపడిన, చిన్నదైపోయిన ఊపిరితిత్తి. 2000లో వచ్చిన ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ ట్రయల్‌లో 861 మందిని కిలోకి 12 మి.లీ., కిలోకి 6 మి.లీ. అని రెండు గుంపులు చేశారు. మరణాలు మొదటి గుంపులో 39.8 శాతం, రెండోదాంట్లో 31 శాతం. అప్పటినుంచి కిలోకి 6, ప్లాటో 30 లోపు అన్నది పరీక్షలకీ స్థిరపడింది. తగ్గించిన వాల్యూమ్‌కి బదులు రేటు 35 దాకా వెళ్లొచ్చు. అయినా పీఏసీఓ2 పెరిగితే కొంతవరకు ఓర్చుకోవచ్చు. పీహెచ్ 7.26, పీఏసీఓ2 58, టైడల్ వాల్యూమ్ కిలోకి 6, ప్లాటో 29, రేటు 28 అని ఇచ్చి, జవాబుల్లో టైడల్ వాల్యూమ్ కిలోకి 8 చేయమని, రేటు 32 చేయమని ఇస్తే రేటే ఎంచుకోవాలి. పీఏఓ2ని ఎఫ్‌ఐఓ2తో భాగిస్తే 150 లోపు వచ్చి, సెట్టింగులు సరిచేసినా మెరుగవకపోతే ప్రోన్ పొజిషన్. 2013లో వచ్చిన ప్రోసేవా ట్రయల్‌లో ఒక్కో విడత కనీసం 16 గంటలు బోర్లా ఉంచారు, 28 రోజుల మరణాలు సుమారు సగానికి తగ్గాయి.

సీఓపీడీ (గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు), ఆస్తమా దీనికి పూర్తిగా ఎదురు. గాలి లోపలికి పోవడం కాదు, బయటికి రాకపోవడం సమస్య. ఫ్లో వేవ్‌ఫామ్‌లో శ్వాస వదిలే గీత సున్నాకి చేరకముందే తర్వాతి శ్వాస మొదలైతే అది ఆటో పీప్, అంటే లోపల చిక్కుకున్న గాలి ప్రెషర్. పరీక్షలో ఆ బొమ్మ ఇచ్చి రెండు జవాబులతో ఊరిస్తారు: ఇన్‌స్పిరేటరీ ఫ్లో పెంచడం, రేటు తగ్గించడం. రెండూ సరైన దిశలోనే ఉన్నాయి. ఏది బలమైనదో లెక్క చెబుతుంది. రేటు 20, లోపలికి తీసే సమయం 1 సెకను అయితే మొత్తం చక్రం 3 సెకన్లు, వదలడానికి 2. ఫ్లో పెంచి లోపలికి తీసే సమయాన్ని 0.7కి తగ్గిస్తే వదలడానికి 2.3 సెకన్లు వస్తాయి. అదే రేటు 12కి తగ్గిస్తే చక్రం 5 సెకన్లు, వదలడానికి 4. రెట్టింపు. పీహెచ్ ఒప్పుకుంటే రేటే ముందు. పీహెచ్ ఇప్పటికే బాగా పడిపోయి రేటు తగ్గించే వీలు లేకపోతే అప్పుడు ఫ్లో. ఫ్లో పెంచితే పీక్ ప్రెషర్ (శ్వాస లోపలికి పోయేటప్పటి గరిష్ఠ ప్రెషర్) పెరుగుతుంది, దానికి గాభరా పడక్కర్లేదు, ప్లాటో చూడండి.

సీఓపీడీ పేషెంట్‌ని మామూలు పీఏసీఓ2కి తీసుకురావాలని చూడటం ఇంకో పొరపాటు. ఇంట్లో ఉన్నప్పుడే పీఏసీఓ2 60, బైకార్బొనేట్ 34, పీహెచ్ 7.38 ఉండే మనిషిని వెంటిలేటర్ మీద 40కి దించితే పీహెచ్ 7.55 అవుతుంది. రెండు రోజుల్లో కిడ్నీలు బైకార్బొనేట్‌ని వదిలేస్తాయి, ఆపైన వీనింగ్ చేయబోతే (వెంటిలేటర్ నుంచి తప్పించబోతే) అతను తన పాత 60ని తట్టుకోలేడు. ఈ పేషెంట్లలో గురి పీహెచ్ మీద ఉండాలి.

వాల్యూమ్ కంట్రోలా, ప్రెషర్ కంట్రోలా?

దీని మీద ఐసీయూల్లో వాదనలు ఎన్ని జరిగినా పరీక్షలో అంత బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. వాల్యూమ్ కంట్రోల్‌లో వాల్యూమ్ ఖాయం, ప్రెషర్ మారుతుంది. ప్రెషర్ కంట్రోల్‌లో ప్రెషర్ ఖాయం, వాల్యూమ్ మారుతుంది. కంప్లయన్స్ పడిపోతే మొదటిదాంట్లో హై ప్రెషర్ అలారం మోగుతుంది, రెండోదాంట్లో టైడల్ వాల్యూమ్ చప్పుడు లేకుండా తగ్గిపోతుంది. తలకి దెబ్బ తగిలి పీఏసీఓ2 కచ్చితంగా ఉండాల్సిన పేషెంట్‌కి వాల్యూమ్ కంట్రోల్ నయం. ఫ్లో చాలక మెషీన్‌తో పోట్లాడుతున్నవాళ్లకి, ట్యూబ్ చుట్టూ లీక్ ఉన్న పిల్లలకి ప్రెషర్ కంట్రోల్.

వాల్యూమ్ కంట్రోల్‌లో పీక్ 42 అని అలారం మోగితే ఇన్‌స్పిరేటరీ హోల్డ్ పెట్టి ప్లాటో చూడండి. ప్లాటో 22 అయితే రెసిస్టెన్స్: కఫం, బ్రాంకోస్పాజమ్, ట్యూబ్ కొరకడం. అప్పుడు సక్షనో, బ్రాంకోడైలేటరో, బైట్ బ్లాకో. ప్లాటో 37 అయితే కంప్లయన్స్: న్యుమోథొరాక్స్, ట్యూబ్ కుడి బ్రాంకస్‌లోకి జారడం, పల్మనరీ ఎడీమా. పేషెంట్ నీలంగా మారుతూ కారణం తెలియకపోతే ఇవేవీ ఆలోచించే సమయం కాదు. వెంటిలేటర్ తీసేసి 100 శాతం ఆక్సిజన్‌తో చేత్తో బ్యాగింగ్ చేయడమే జవాబు.

ఎస్‌ఐఎంవీ (కొన్ని శ్వాసలు మెషీన్ ఇచ్చి, మిగతావి పేషెంట్ సొంతంగా తీసే మోడ్) గురించి ఒక్క మాట. వీనింగ్‌కి దాన్ని మెల్లగా తగ్గించుకుంటూ పోయే పద్ధతి పాత ప్రశ్నల్లో ఇంకా కనిపిస్తుంది. 1995లో వచ్చిన అధ్యయనంలో రోజుకొకసారి స్పాంటేనియస్ బ్రీతింగ్ ట్రయల్ (పేషెంట్ సొంతంగా ఊపిరి తీయగలడా అని కొంతసేపు చూడటం) పెట్టించుకున్నవాళ్లు, ఆ పద్ధతిలో ఉన్నవాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు వేగంగా ట్యూబ్ నుంచి బయటపడ్డారు. రెండు జవాబులూ ఉంటే బ్రీతింగ్ ట్రయల్‌నే ఎంచుకోండి.

టీ పీసా, ప్రెషర్ సపోర్టా?

ముందు పేషెంట్ సిద్ధంగా ఉన్నాడో లేదో చూడాలి: జబ్బు తగ్గుముఖం పట్టిందా, ఎఫ్‌ఐఓ2 0.4 దగ్గర, పీప్ 5 నుంచి 8 మధ్య సాచురేషన్ నిలబడుతోందా, బీపీ స్థిరంగా ఉందా. రాపిడ్ షాలో బ్రీతింగ్ ఇండెక్స్ అడిగితే రేటుని లీటర్లలో ఉన్న టైడల్ వాల్యూమ్‌తో భాగించాలి. రేటు 24, వాల్యూమ్ 0.4 అయితే 60, ముందుకెళ్లొచ్చు. రేటు 34, వాల్యూమ్ 0.25 అయితే 136. 105 గీత దాటింది కాబట్టి ఇవాళ్టికి వద్దు. మి.లీ.ల్లో భాగించి 0.06 తెచ్చుకుని జవాబుల్లో దాన్ని వెతుక్కునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

బ్రీతింగ్ ట్రయల్ 30 నుంచి 120 నిమిషాలు, ప్రెషర్ సపోర్ట్ (పేషెంట్ తీసే ప్రతి శ్వాసకీ మెషీన్ కొంచెం ప్రెషర్ సాయం) మీదో, టీ పీస్ (మెషీన్ సాయం లేకుండా ట్యూబ్‌కి ఆక్సిజన్ మాత్రమే) మీదో. 2019లో 1,153 మందితో జరిగిన అధ్యయనంలో 30 నిమిషాల ప్రెషర్ సపోర్ట్ 82.3 శాతం మందిలో, 2 గంటల టీ పీస్ 74 శాతం మందిలో విజయవంతమైన ఎక్స్‌ట్యుబేషన్‌కి (ట్యూబ్ తీయడానికి) దారితీశాయి. ఈ రెంటిలో ఏదో ఒకటే ఒప్పు అనేలా ప్రశ్న ఉండదు, ఎక్కువగా అడిగేది ట్రయల్ మధ్యలో ఏం జరిగిందని. రేటు 35 దాటి నిలిచినా, సాచురేషన్ 90 కిందికి వచ్చినా, గుండె వేగం 140 దాటినా, పేషెంట్ చెమటలు కక్కుతూ మెడ కండరాలతో ఊపిరి లాగుతున్నా ట్రయల్ ఆపి పాత సెట్టింగులకి వెళ్లాలి. ప్రెషర్ సపోర్ట్ కాస్త పెంచి ట్రయల్ కొనసాగించే జవాబు అప్పుడు తప్పు.

ట్రయల్ నెగ్గినా ట్యూబ్ తీయకూడని పేషెంట్‌ని కూడా ఇస్తారు. అంకెలన్నీ బాగుంటాయి. నోట్స్‌లో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది: దగ్గు బలహీనం, గంటకోసారి సక్షన్ కావాల్సి వస్తోంది. లేదా కఫ్‌లో (ట్యూబ్ చుట్టూ ఉండే బుడగలో) గాలి తీసినా ట్యూబ్ చుట్టూ లీక్ వినిపించడం లేదు, అంటే గొంతు వాచి ఉండొచ్చు. మొదటిదాంట్లో ట్యూబ్ ఉంచి కఫం సంగతి చూడాలి. రెండోదాంట్లో ముందు స్టెరాయిడ్ ఇచ్చి, కొన్ని గంటలు ఆగి, ఆ తర్వాతే ట్యూబ్ మాట.